స్టేజి మీద సర్టిఫికెట్ ఇచ్చాం, ఆ అమ్మాయి బడికి రావడం మానేసింది

ఎర్రమట్టి_టీచర్
ఆస్ట్రేలియా నడిమధ్య ఆలిస్ స్ప్రింగ్స్ వైపు ఒక బడిలో లెక్కలు చెప్తున్నాను. మెల్బోర్న్ నుంచి ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. నా ఎనిమిదో తరగతిలో సగానికి పైగా అబోరిజినల్, అంటే ఇక్కడి ఆదివాసీ పిల్లలే. వాళ్ళలో ఒక అమ్మాయికి పదమూడేళ్ళు. లెక్కల్లో మహా చురుకు. బెంచీ మీద వేలితో ఏదో గీసుకుంటూనే జవాబు చెప్పేస్తుంది, అదీ నాకొక్కదానికే వినిపించేంత మెల్లగా. పోయిన నెలంతా ఒక్క రోజు కూడా మానలేదు. ఆ సంతోషంలో 'ఈ వారం విద్యార్థి'గా నేనే తన పేరు ఇచ్చాను.

సోమవారం అసెంబ్లీలో పేరు పిలిచారు. లేవలేదు. మళ్ళీ పిలిచారు. జాకెట్ టోపీ ముఖం మీదికి లాక్కుని పక్కపిల్ల భుజంలో తల దాచుకుంది. వెనకనుంచి ఎవరో "షేమ్" అన్నారు. చివరికి నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించాను. చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. ఆ మధ్యాహ్నం వెళ్ళిపోయిన పిల్ల ఇవాళ్టికి పదకొండు రోజులు, రాలేదు. వాళ్ళమ్మ నంబర్‌కి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

మా బడికి కౌన్సిలర్ రెండు వారాలకోసారి వస్తారు. ఆవిడ గదిలోకి ఈ అమ్మాయిలు వెళ్తారు, కూర్చుంటారు, అన్నిటికీ "యెస్ మిస్" అంటారు, వచ్చేస్తారు. అందుకని నేనే మధ్యాహ్నం బ్రేక్‌లో అమ్మాయిలకి ఒక కార్యక్రమం పెడదామనుకుంటున్నాను. ఆత్మవిశ్వాసం మీద వర్క్‌షాప్, కొంచెం యోగా, బయటనుంచి ఒక మంచి వక్త. ప్రిన్సిపాల్ చిన్న బడ్జెట్ ఇస్తానన్నారు. ఇక్కడ నర్సులు, సోషల్ వర్కర్లు చాలామంది ఉన్నారు కదా, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి. నేను చేసిన తప్పేమిటో కూడా చెప్పండి, దాచకుండా.

కేథరిన్_నర్సమ్మ
చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించారని చదవగానే నా ప్రాణం ఉసూరుమంది. మీ మనసు మంచిదే. కానీ ఆ "షేమ్"ని మామూలు సిగ్గు అనుకోకండి. అబోరిజినల్ వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషులో ఆ మాట బరువు వేరు. తన వాళ్ళందరిలోంచి ఒక్కదాన్నే విడదీసి అందరూ చూస్తుండగా నిలబెట్టారు. తిట్టడానికి నిలబెట్టినా పొగడడానికి నిలబెట్టినా ఆ పిల్లకి ఒకటే. "నేను మీ అందరికంటే గొప్ప" అని తనే చెప్పుకున్నట్టు అయిపోతుంది.

ఇంకొకటి. మెల్లగా మాట్లాడడం, పలకకపోవడం అన్నారు కదా, చెవులు పరీక్ష చేయించారా? ఇక్కడి మారుమూల ఊళ్ళలో పిల్లలకి మధ్యచెవి ఇన్ఫెక్షన్ ప్రపంచంలోనే చాలా ఎక్కువ. పసితనం నుంచే చీము కారుతూ, ఆగుతూ, మళ్ళీ కారుతూ ఉంటుంది. సగం వినబడక వెనక బెంచీలో ఊరుకున్న పిల్లని "మొండిది" అని రాసిన రిపోర్టులు నా చేతుల్లోకి ఎన్ని వచ్చాయో.

పెర్త్_ప్రసాద్
పొగిడినా బాధేనా? అలాగైతే రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎలా కూర్చుంటారు? అలవాటు చేయించాలి కదండీ. మన పిల్లలు మాత్రం పుట్టుకతోనే స్టేజీ ఎక్కారా?

గోదారిపిల్ల
ప్రసాద్ గారూ, మా పాప మొదటిసారి కూచిపూడికి స్టేజి ఎక్కినప్పుడు వెనక పదకొండుమంది పిల్లలు, పక్కన గురువుగారు, ముందు వరసలో మేమంతా ఉన్నాం. ఒంటరిగా ఎవరూ లాక్కెళ్ళలేదు.

సుధ_సోషల్‌వర్క్
టీచర్ గారూ, వర్క్‌షాప్ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. 'సెల్ఫ్ కాన్ఫిడెన్స్' అనగానే మనం పిల్ల తలలోకి చూస్తాం. ఇక్కడి వాళ్ళు మానసిక ఆరోగ్యం అనే మాటనే ఇరుకుగా ఉందంటారు. 'సామాజిక, భావోద్వేగ క్షేమం' అంటారు. పాట్ డడ్జన్ అని ఆస్ట్రేలియాలో సైకాలజిస్టు అయిన మొదటి అబోరిజినల్ వ్యక్తి, కింబర్లీ ప్రాంతపు బార్డి స్త్రీ. ఆవిడా మరికొందరూ కలిసి 2014లో ఒక బొమ్మ గీశారు, నా ఆఫీసు గోడ మీద అదే ఉంటుంది. మధ్యలో మనిషి. చుట్టూ ఏడు రేకులు. ఒళ్ళు, మనసు ఆ ఏడింటిలో రెండే. మిగిలినవి కుటుంబం-బంధుత్వం, సముదాయం, సంస్కృతి, నేల, పూర్వీకులతో ముడిపడ్డ ఆత్మ. ఈ రేకులన్నిటి చుట్టూ ఇంకో వలయం ఉంటుంది. చరిత్ర, రాజకీయం, పేదరికం అందులో ఉంటాయి.

మీ కౌన్సిలర్ గదిలో పిల్లకి రెండు రేకులే అందుతున్నాయి. తక్కిన ఐదూ గది బయటే ఉండిపోయాయి. "యెస్ మిస్" అనడం కూడా ఒప్పుకోవడం కాదండీ, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు వరసగా ప్రశ్నలు వేస్తుంటే గొడవ లేకుండా బయటపడే దారి అది. పోలీసు స్టేషన్లలో కూడా ఆ "యెస్" వల్ల ఎంతమంది ఇబ్బంది పడ్డారో.

ఎర్రమట్టి_టీచర్
నర్సమ్మ గారూ, మీ పోస్ట్ చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. చెవుల సంగతి నాకు తట్టనే లేదు.
సుధ గారూ, 'నేల' అంటే వాళ్ళు 'కంట్రీ' అనేదేనా? అసెంబ్లీ మొదట్లో మేం రోజూ చదువుతాం, "ఈ నేల సంప్రదాయ సంరక్షకులకు గౌరవం" అని. ఇక్కడ అరెంటె వాళ్ళ పేరు చెప్తాం. చదివేసి కూర్చుంటాం.

సుధ_సోషల్‌వర్క్
అదే. మనం పుట్టిన ఊరు అంటామే, దానికి పదింతలు. కొండ, నీటిగుంట, చెట్టు, అక్కడ తిరిగిన పూర్వీకుడు, ఆ కథ, ఆ పాట, దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత, అన్నీ కలిపి 'కంట్రీ'. "నా కంట్రీకి జబ్బు చేసింది" అని ఒక ముసలావిడ నాతో అన్నప్పుడు మోకాళ్ళు చూపించింది.

సిడ్నీ_శీను
యోగా ఎందుకు వద్దు? మంచిదే కదా, మా ఆఫీసులో తెల్లవాళ్ళే ఎగబడి చేస్తారు.

డార్విన్_అక్క
శీనూ, యోగా మంచిదే. కానీ వాళ్ళ దగ్గర ఉన్నది ముందు అడగాలి తమ్ముడూ. డార్విన్‌కి దక్షిణాన డేలీ నది ఒడ్డున నౌయూ అనే ఊరుంది. అక్కడి మిరియం-రోజ్ ఉంగన్‌మర్-బౌమన్ గారు నార్తర్న్ టెరిటరీలో పూర్తి అర్హత సాధించిన మొదటి అబోరిజినల్ టీచర్, 1975లో. ఆవిడ 'దదిరి' అనే మాటని దేశమంతటికీ చెప్పారు. లోతుగా వినడం, నిశ్చలంగా ఉండడం. నది గట్టున కూర్చుని తొందరపడకుండా, మాటలతో నింపకుండా ఉండడం. 2021లో ఆవిడకి సీనియర్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. మీ బడి పిల్లల అమ్మమ్మల దగ్గర ఇలాంటిది తప్పకుండా ఉంటుంది, వాళ్ళ భాషలో, వాళ్ళ పేరుతో.

నేను మొదట్లో చేసిన పొరపాటు చెప్తాను. హాజరు పిలుస్తున్నాను. ఒక పేరు దగ్గరికి రాగానే క్లాసంతా చప్పున నిశ్శబ్దం. మళ్ళీ పిలిచాను, గట్టిగా. ఒక అమ్మాయి లేచి బయటికి పరిగెత్తింది. అదే పేరున్న వాళ్ళ బంధువు ఆ శనివారం చనిపోయాడట. పోయినవాళ్ళ పేరు పలకకూడదు చాలా చోట్ల. అదే పేరున్న బతికున్నవాళ్ళని కూడా కొన్నాళ్ళు వేరే పేరుతో పిలుస్తారు. మీ వైపు అరెంటె వాళ్ళు 'క్వెమెంట్యాయె' అంటారు, వార్ల్‌పిరి వాళ్ళు 'కుమంజాయి' అంటారు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఉట్నూరు_మాస్టారు
ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇరవై రెండేళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేశాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర అడిలైడ్‌లో ఉంటున్నాను. గోండు పిల్లకి మొదటిరోజు తెలుగు వాచకం చేతిలో పెడితే ఆ కళ్ళల్లో ఏముంటుందో నాకు తెలుసు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్నతరగతుల చదువు మొదలుపెట్టినప్పుడు, గోండి మాటలు తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం చూసి ఒక పిల్ల దాన్ని వాసన చూసింది. చదవలేదు, ముందు వాసన చూసింది. ఆ తర్వాత మూడురోజులు నోరు మూయలేదు.

పెర్త్_ప్రసాద్
మాస్టారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. గనుల్లో పనిచేసే వాణ్ణి, అక్కడ అబోరిజినల్ కుర్రాళ్ళతో కలిసి పనిచేస్తాను. చదువు, పనికి కావాల్సిన అర్హత పత్రాలు, లైసెన్సు ఉన్నవాడు నిలదొక్కుకుంటున్నాడు. సంస్కృతి ఇంట్లో నేర్పుకోవచ్చు. బడి టైములో లెక్కలు చెప్పకుండా బుట్టలు అల్లిస్తే ఆ అమ్మాయికే నష్టం కదా? నాకూ ఆడపిల్లలున్నారు, అందుకే అడుగుతున్నా.

గోదారిపిల్ల
బుట్టలంటే గుర్తొచ్చింది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఎడారిలో ఆడవాళ్ళు 1980లో తమ సొంత మండలి పెట్టుకున్నారు, ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్. భూమి హక్కుల చర్చల్లో మా మాట ఎవరూ వినడం లేదని. 1995 నుంచి వాళ్ళే 'జన్పి' పేరుతో గడ్డి అల్లకం నడుపుతున్నారు. జన్పి అంటే గడ్డి. వాళ్ళు నిజం బండి అంత సైజులో గడ్డితో టయోటా అల్లారు తెలుసా! 2005లో దానికి జాతీయ అబోరిజినల్ కళా పురస్కారం వచ్చింది. మా ఆయన అది చూసి "దీని సర్వీసింగ్ ఖర్చు ఎంత తక్కువో" అన్నారు.

కేథరిన్_నర్సమ్మ
మీవారికి ఒక దణ్ణం.

సుధ_సోషల్‌వర్క్
ప్రసాద్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. "ఇంట్లో నేర్పుకోవచ్చు" అన్న చోటే చిక్కు. నేర్పే చేతుల్లోంచి పిల్లల్ని లాక్కెళ్ళారు కదా. 1910 నుంచి 1970 దాకా ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా తల్లుల దగ్గరనుంచి తీసేశారని 1997లో వచ్చిన జాతీయ విచారణ నివేదిక చెప్పింది. ఆడపిల్లల్ని ఇళ్ళల్లో పనిమనుషులుగా తయారుచేసే హాస్టళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఆలిస్‌లో టెలిగ్రాఫ్ స్టేషన్ పచ్చిక మీద మనవాళ్ళు పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళి పిక్నిక్‌లు చేస్తారు కదా. 1932 నుంచి 1942 దాకా అక్కడే ఉంచారు అలా తెచ్చిన పిల్లల్ని. నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఆ గేటు దాటి లోపలికి రాదు, ఇప్పటికీ.

ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. నిన్నగాక మొన్న. మీ క్లాసు పిల్ల అమ్మమ్మకి బడి అంటే ఏం గుర్తొస్తుందో ఆలోచించండి టీచర్ గారూ. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎందుకు ఎత్తదో కూడా.

ఎర్రమట్టి_టీచర్
ఆ పచ్చిక మీద మేం ఉగాది చేసుకున్నాం. బోర్డు ఉంది, చదివాను కూడా. కానీ ఇలా తగల్లేదు.

ఆ గేటు దాటని ఆవిడ గురించి చదివాక ఇంక ఏం రాయాలో తోచడం లేదు. రేపు బడిలో మా అసిస్టెంట్ టీచర్‌ని అడుగుతాను, ఆవిడ వార్ల్‌పిరి. ఏడాదిన్నరగా పక్క గదిలో ఉన్నారు. ఫోటోకాపీల గురించి తప్ప ఆవిడతో నేను ఏమీ మాట్లాడలేదు.

బల్లారట్_బాబీ
ఒక చిన్న సంగతి. అబ్బాయిలకి ఫుట్‌బాల్ కార్యక్రమాలు చాలా ఏళ్ళ ముందే వచ్చాయి. క్లోంటార్ఫ్ అనే సంస్థ 2000లోనే పెర్త్‌లో మొదలైంది, డబ్బూ బాగా వచ్చింది. అమ్మాయిలకి గర్ల్స్ అకాడమీ, స్టార్స్ లాంటివి ఆ తర్వాత వచ్చాయి. మీ బడిలో అలాంటిది ఉందో లేదో కనుక్కోండి. ఉంటే విడిగా కొత్తది పెట్టకండి, వాళ్ళ గదిలోకే వెళ్ళండి. పొద్దున్నే టోస్టు, మైలో ఇచ్చే గది ఒకటి ఉంటుంది, అమ్మాయిలు అక్కడే తేరుకుంటారు.

వింబుల్డన్_వీరాభిమాని
ఆటలన్నారు కాబట్టి. ఈవాన్ గూలగాంగ్ విరాజురి అనే అబోరిజినల్ జాతి అమ్మాయి, 1971లో వింబుల్డన్ గెలిచింది. సరిగ్గా యాభై ఏళ్ళకి 2021లో యాష్ బార్టీ, ఎన్‌గరిగో జాతి అమ్మాయి, ఈవాన్ గారి డ్రెస్సు గుర్తొచ్చేలా అంచు కుట్టించుకున్న స్కర్టుతో దిగి గెలిచింది. చూసి ఏడ్చేశాను. బార్టీకి డబ్బూ కోచింగూ ఉన్నా, ముందు నడిచిన ఒక అక్క కావాల్సి వచ్చింది కదా.

ఎర్రమట్టి_టీచర్
అడిగాను. మీరందరూ కూర్చోండి ముందు.

టీ పట్టుకుని వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక మొదట మా ఊరు రేపల్లె గురించి చెప్పాను, కృష్ణ సముద్రంలో కలిసేది మా దగ్గరేనని. ఆవిడ చాలాసేపు ఏం అనలేదు. నేనూ ఊరుకున్నాను, డార్విన్ అక్క చెప్పినట్టు. తర్వాత "మీకు అమ్మలు ఎంతమంది?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "మీ అమ్మ అక్కచెల్లెళ్ళు?" అన్నారు. ఇద్దరు, పెద్దమ్మ, పిన్ని అన్నాను. ఆ మాటలకి అర్థం అడిగారు. పెద్ద అమ్మ, చిన్న అమ్మ అని చెప్పాను. ఆవిడ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "మరి నీకు తెలుసు" అన్నారు.

నేను పదకొండు రోజులు ఎవరికి ఫోన్ చేస్తున్నానో చెప్పాను. "నేను దాని అమ్మని" అన్నారు ఆవిడ. కన్నతల్లికి అక్క. మనకి పెద్దమ్మ, వాళ్ళకి అమ్మ. బడి ఫారంలో తల్లి పేరుకి ఒకే గడి ఉంది కాబట్టి ఈవిడ పేరు ఎక్కడా లేదు. నా గదికి ఈ గోడ అవతల ఉన్నారు ఇన్నాళ్ళూ.

పిల్ల క్షేమంగా ఉందట. ఇక్కడికి మూడువందల కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఊళ్ళో 'సారీ బిజినెస్'కి, అంటే చావు తర్వాతి సంతాప కార్యాలకి వెళ్ళింది, తాత వరస ఆయన పోయారు. కుటుంబమంతా వెళ్ళింది. "షేమ్ కూడా ఉంది. రెండూ ఉన్నాయి" అన్నారు, నా కళ్ళల్లోకి చూడకుండా, మృదువుగా.

గోదారిపిల్ల
నాకు ఒళ్ళు జలదరించింది. గోడ అవతల అమ్మ.

ఉట్నూరు_మాస్టారు
మన వరసలు వాళ్ళ వరసలకి చాలా దగ్గర. నాన్న అన్నదమ్ములు నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్ళు అమ్మలే, మేనమామ, మేనత్త మాత్రం వేరే కట్టు. మానవ శాస్త్రజ్ఞులు ద్రావిడ బంధుత్వం గురించీ ఆస్ట్రేలియా బంధుత్వం గురించీ పక్కపక్కనే పెట్టి రాశారు. వార్ల్‌పిరి వాళ్ళకి ఎనిమిది 'స్కిన్' పేర్లు, అంటే పుట్టుకతో వచ్చే వరస గుంపుల పేర్లుంటాయి. ఆడవాళ్ళది 'న'తో, మగవాళ్ళది 'జ'తో మొదలవుతుంది. నకమర్ర అన్నదమ్ముడు జకమర్ర, నంగాల అన్నదమ్ముడు జంగాల. పేరు వినగానే ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవర్ని చూసుకోవాలో తెలిసిపోతుంది. అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు కూడా. మా అమ్మమ్మ అల్లుడుగారి చెప్పుల చప్పుడు వినగానే తలుపు చాటుకి వెళ్ళిపోయేది.

సిడ్నీ_శీను
మాస్టారూ, ఆ పద్ధతి మా అత్తగారికి ఎవరైనా చెప్తే బాగుండు 😄 (ఆవిడ మంచిది, ఇప్పుడే పప్పుచారు పంపింది.)

డార్విన్_అక్క
పోలికలు బాగున్నాయి, దగ్గరితనం కూడా కుదురుతుంది. కానీ ఒక్క మాట. మనం ఇక్కడికి వచ్చినవాళ్ళం. నా కూతురు తెలుగు మర్చిపోతే నాకు బాధ, కానీ రేపు రాజమండ్రి వెళ్తే అక్కడ తెలుగు ఉంటుంది. వాళ్ళ భాష వాళ్ళ నేల మీద పోతే ఇంక వెళ్ళడానికి ఊరు లేదు. తెల్లవాళ్ళు వచ్చేనాటికి రెండువందల యాభై దాకా భాషలు. 2019 సర్వే నాటికి ఏదో ఒక మేరకు వాడుకలో ఉన్నవి 123. పిల్లలందరూ ఇంట్లో నేర్చుకుంటూ పెరుగుతున్నవి పన్నెండు. అందులో ఒకటి మీ అసిస్టెంట్ టీచర్ నోట్లో ఉంది.

పెర్త్_ప్రసాద్
గోడ అవతల అమ్మ ఉండడం చదివి నేనూ కాసేపు ఆగిపోయాను. అయినా అడుగుతాను. సంస్కృతి వల్ల పిల్లలు నిజంగా కోలుకుంటారని ఎక్కడైనా తేలిందా?

సుధ_సోషల్‌వర్క్
కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఆదివాసీ సముదాయాలన్నిటినీ తీసుకుని చాండ్లర్, లాలోండ్ అనే ఇద్దరు 1998లో ప్రచురించారు. కుర్రవాళ్ళు ప్రాణాలు తీసుకోవడం కొన్ని చోట్ల చాలా ఎక్కువ, చాలా చోట్ల అసలు లేదు. ఎందుకా అని చూశారు. తమ బడి, ఆరోగ్యం, పోలీసు, అగ్నిమాపకం తమ చేతుల్లో ఉన్నవి, భూమి హక్కుకి పోరాడుతున్నవి, సంస్కృతికి ఒక స్థలం కట్టుకున్నవి, ఇలా ఆరు గుర్తులు పెట్టుకున్నారు. ఆరూ ఉన్న చోట్ల వాళ్ళు చూసిన ఐదేళ్ళలో ఒక్క కుర్రవాడు గానీ అమ్మాయి గానీ అలా పోలేదు. ఆటా పాటా ఒక్కటే సరిపోదని కూడా గమనించండి. నిర్ణయం వాళ్ళ చేతుల్లో ఉండాలి.

ఎవరైనా పిల్లల గురించి అత్యవసరంగా భయపడుతుంటే 13 యార్న్ ఉంది, 13 92 76. అవతల మాట్లాడేది అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపవాసులే.

పెర్త్_ప్రసాద్
సరే. ఇది నాకు కొత్త. చదువుతాను.

ఎర్రమట్టి_టీచర్
బడ్జెట్ కాగితం తీసుకెళ్ళి అసిస్టెంట్ టీచర్‌కి ఇచ్చాను. "మీరైతే ఏం చేస్తారు?" అన్నాను. ఆవిడ నవ్వి, 'వక్త' అన్న వరస మీద గీత పెట్టారు. "డీజిల్" అని రాశారు. కింద "పారలు". కింద ఇద్దరు పెద్దావిడల పేర్లు. ఆ పేర్ల ఎదురుగా నేను డబ్బు రాస్తే ప్రిన్సిపాల్ "వాలంటీర్లు కారా?" అన్నారు. వక్తకి ఎంత ఇద్దామనుకున్నామో అంతే వాళ్ళకీ ఇవ్వాలని కూర్చున్నాను. ఒప్పుకున్నారు.

కేథరిన్_నర్సమ్మ
శభాష్. ఆ డబ్బు దగ్గర మాత్రం వెనక్కి తగ్గకండి. పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి గంటకి ఇంత అని ఇస్తాం, డెబ్భై ఏళ్ళు ఆ నేలని చదివిన ఆవిడకి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఫోటో దిగుతాం. ఎన్నిసార్లు చూశానో.

వేదిక_మోడరేటర్
ఎవరూ పిల్లల ఫోటోలు, పేర్లు, ఊరి పేర్లు పెట్టకండి. ఆడవాళ్ళ వ్యవహారం అని వాళ్ళు చెప్పినవి ఇక్కడ రాయకండి.

ఎర్రమట్టి_టీచర్
నాలుగు వారాలయింది. బాకీ తీరుస్తున్నాను.

శనివారం పొద్దున్నే రెండు బండ్లలో తొమ్మిదిమంది అమ్మాయిలం, అంటే నన్నూ కలుపుకుని, ఇద్దరు అమ్మమ్మలు, మా అసిస్టెంట్ టీచర్, ఒక కుక్క. సర్టిఫికెట్ అమ్మాయి వచ్చింది. నాతో మాట్లాడలేదు. వెనక సీట్లో అమ్మమ్మ ఒడిలో తల పెట్టుకుంది.

ముల్గా చెట్ల మధ్య ఆపారు. ఎర్రమట్టి, ఇంకేమీ కనిపించలేదు నాకు. పెద్దావిడ ఒంగి నడుస్తూ ఒక చోట ఆగింది. అక్కడ వేలు పట్టేంత కూడా లేని చిన్న రంధ్రం, చుట్టూ నాలుగు చీమలు. తేనెచీమలు. చతికిలబడి పారతో తవ్వడం మొదలెట్టింది. పారతో కాసేపు, తర్వాత గునపంతో, తర్వాత చేత్తో. గొయ్యి నడుం లోతు అయ్యాక మనిషి సగం లోపలే. అమ్మాయిలు వంతులవారీగా మట్టి తోడారు. ఒక్కరు కూడా ఫోన్ తీయలేదు. వీళ్ళు నా క్లాసులో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరని నేనే రిపోర్టులో రాశాను. రెండు గంటలు ఒక సొరంగం దారి వదలకుండా పట్టుకున్నారు.

ఆ పిల్ల గొయ్యిలోకి దిగింది. ఆ సొరంగం ఎటు తిరుగుతుందో పుల్లతో నేల మీద గీసి చూపించింది తన చెల్లెళ్ళకి, ఇక్కడ తవ్వితే ఇక్కడ చీమల గది తగులుతుంది అని. బెంచీ మీద వేలితో గీసేది ఈ గీతలే. అది గట్టిగా మాట్లాడడం నేను మొదటిసారి విన్నాను. వార్ల్‌పిరిలో, మధ్యమధ్య ఇంగ్లీషు. ఆ మట్టి గది పైకప్పు తీయగానే లోపల చీమలు వేలాడుతున్నాయి, పొట్టలు ద్రాక్షపండ్లలా, తేనె రంగులో, ఎండ తగిలి మెరుస్తూ.

అమ్మమ్మ ఒకటి తలకాయ దగ్గర పట్టుకుని తేనె పీల్చుకుంది. అందరికీ తలా ఒకటి వచ్చింది. ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి ముందుకి పిలవలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లే తెచ్చింది, అరచేతిలో పెట్టుకుని. "మిస్, తల తినకు" అంది. తియ్యగా, కాస్త పులుపుగా ఉంది, తాటిబెల్లం పాకంలో నిమ్మకాయ పిండినట్టు.

తర్వాత నీడలో పెద్దవాళ్ళు ఒక పాట పాడారు. దాని గురించి రాయను.

డార్విన్_అక్క
రాయకపోవడమే మంచిది.

కేథరిన్_నర్సమ్మ
చెవుల పరీక్ష?

ఎర్రమట్టి_టీచర్
అయింది. క్లాసులో ముగ్గురికి వినికిడి తక్కువ. ఈ పిల్లకి ఎడమ చెవి. కుడి చెవి నా వైపు ఉండేలా కూర్చోబెట్టాను, బడి స్పీకర్ సిస్టం కూడా అడుగుతున్నాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు వస్తోంది, నాలుగు రోజులు వచ్చిన వారం ఒకటుంది. మొత్తం సర్దుకుందని అనను. ఇంట్లో ఇరుకు ఉంది, ఒక రాత్రి నిద్ర లేకుండా వచ్చింది. పోయినవారం ఒక అమ్మాయి మళ్ళీ కనిపించకుండా పోయింది, ఈసారి ముందు గోడ అవతలికి వెళ్ళి అడిగాను.

అసెంబ్లీ సర్టిఫికెట్ల సంగతి కూడా మాట్లాడాం. ఇప్పుడు బడి రాసే ఉత్తరం ఇంటికి వెళ్తుంది, అమ్మమ్మ చదివించుకుని తనే పిల్లకి చెప్తుంది. ఫారంలో తల్లి గడి ఒకటే ఉంది, అది మార్చమని ఆఫీసుకి రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాస్తాను.

పెర్త్_ప్రసాద్
సొరంగం ఎటు తిరుగుతుందో గీసిందన్నారు. అది జామెట్రీనే కదండీ. నేను ముందు రాసింది వెనక్కి తీసుకోవడం లేదు, చదువు కావాలి. కానీ బుట్టలన్న మాట తొందరపడి అన్నాను.

ఎర్రమట్టి_టీచర్
ఆ గీతలే సోమవారం బోర్డు మీద కోణాలకి వాడాను. వాడేముందు అమ్మమ్మని అడిగాను, ఏవి వాడొచ్చో ఏవి కూడదో ఆవిడే చెప్పింది. రెండు కూడదంది.

బల్లారట్_బాబీ
మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?

ఎర్రమట్టి_టీచర్
వచ్చే శనివారం. ఈసారి పదమూడుమంది వస్తామన్నారు. పారలు మూడే ఉన్నాయి, ఆలిస్‌లో ఎవరి దగ్గరైనా గట్టి పార, గునపం ఉంటే శుక్రవారం సాయంత్రానికి ఇవ్వండి, తిరిగి ఇచ్చే పూచీ నాది.

సిడ్నీ_శీను
పార కొరియర్‌లో పంపొచ్చా? నిజంగానే అడుగుతున్నా.

గోదారిపిల్ల
శీను గారూ, పారకయ్యే డబ్బులు పంపండి చాలు. టీచర్ గారూ, మా అన్నయ్య ఆలిస్‌లోనే ఉంటాడు, తోటపని చేస్తాడు. రెండు పారలు శుక్రవారం మీ ఇంటికి తెచ్చి ఇస్తాడు.